తెగే టోన్లు: తైవానీ రోమన్ రాతలో 4, 8 చదవడం, రాయడం

తైవానీ (తైవాన్‌లో మాండరిన్‌తో పాటు వినిపించే భాష) నేర్చుకుంటామని వచ్చే తెలుగువాళ్లను నేను ముందుగా ఒకటి అడుగుతాను: ‘కప్పు’ అనకుండా ‘కప్’ అనగలరా? ఎందుకనలేం అని నవ్వుతారు. అంటారు కూడా. కాని చివర పెదాలు విడిపోయి కొంచెం గాలి బయటికొస్తుంది. మన నోరు అచ్చుతో మాట ముగించడానికి అలవాటుపడింది. ఉకారాన్ని మింగేసినా దాని తోక మిగులుతుంది. తైవానీలో ఆ తోక ఉండకూడదు. పెదాలు మూసుకున్నాయంటే మూసుకునే ఉండాలి. ఇది పట్టుబడితే రోమన్ రాతలో సగం చిక్కు పోతుంది, ఎందుకంటే ఆ రాతలో 4, 8 టోన్లను ముందు పట్టిచ్చేది మాట చివరి అక్షరమే. టోన్ అంటే మాట అర్థాన్ని మార్చేసే గొంతు ఎత్తు. అంకెలతో లెక్కపెట్టే ఆ టోన్లలో 4, 8 ఇలా మూతపడి టక్కున తెగేవి.

నాది తైవాన్‌లోని షిన్‌చూలో ఉద్యోగం, పక్కనే జూబెయ్‌లో కాపురం. ఆఫీసు మాండరిన్, ఇంగ్లీషులతో గడిచిపోతుంది. మా అపార్ట్‌మెంటుకు కాపలా ఉండే పెద్దాయనతోనూ, షిన్‌చూ కూరల బజారులో ముసలమ్మలతోనూ మాట కలవాలంటే మాత్రం తైవానీయే దారి. చైనా అక్షరాల జోలికి పోకుండా నేర్చుకునే వీలు రోమన్ రాత వల్లే దొరికింది. నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. రోమన్ అక్షరాలను వాటి పేర్లతోనే రాస్తాను (కె-యు-టి అన్నట్టు), పలికే తీరును తెలుగులో రాసి పక్కన టోన్ అంకె వేస్తాను: కుత్4, కుత్8.

రోమన్ రాతలు రెండు వాడుకలో ఉన్నాయి. ఒకటి 19వ శతాబ్దపు మిషనరీల చేతిలో రూపుదిద్దుకున్న పెహ్-వే-జీ. 1885లో థామస్ బార్క్‌లే తైనాన్‌లో మొదలుపెట్టిన చర్చి పత్రిక అచ్చయింది ఈ రాతలోనే. రెండోది తైవాన్ విద్యాశాఖ 2006లో ప్రకటించిన తాయ్-లో. ఏది నేర్చుకోవాలని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లున్నారు. మనకిక్కడ ఆ గొడవ అక్కర్లేదు. తెగే టోన్లకు సంబంధించి రెండింటిలోనూ చివరి అక్షరాలు అవే, 8కి అచ్చు మీద పెట్టే నిలువు గీత అదే. పాత రాతలో సి-హెచ్ అని ఉన్నచోట కొత్తదానిలో టి-ఎస్ ఉంటుంది. వెదురు అనే మాట పాతదానిలో టి-ఇ-కె, కొత్తదానిలో టి-ఐ-కె. పాతవాళ్ల ఓ-ఎ-హెచ్ కొత్తవాళ్లకు యు-ఎ-హెచ్. నేను తాయ్-లో ప్రకారం రాస్తాను.

మాటను వెనక నుంచి చదవండి

రోమన్ రాతలో ఒక అక్షరసముదాయం కనబడగానే పైనున్న గుర్తు కోసం వెతక్కండి. ముందు చివరి అక్షరం చూడండి. అది పి, టి, కె, హెచ్‌లలో ఒకటైతే అది తెగే టోన్. అప్పుడిక రెండే అవకాశాలు: అచ్చు మీద ఏమీ లేకపోతే 4, చిన్న నిలువు గీత ఉంటే 8. చివర ఆ నాలుగూ లేకపోతే మిగతా టోన్లలో ఏదో ఒకటి, వాటి గుర్తులు వేరే.

టోన్లకు 1 నుంచి 8 దాకా అంకెలున్నా 6వది 2తో కలిసిపోయింది కాబట్టి పలకాల్సినవి ఏడే. వీటిలో 1కీ గుర్తు లేదు, 4కీ లేదు. కొత్తవాళ్లు ఇక్కడే బెదురుతారు, బెదరక్కర్లేదు. కె-యు-ఎన్ అని ఉంటే అది 1, కె-యు-టి అని ఉంటే అది 4. చివరి అక్షరమే తేల్చేస్తుంది.

తైవాన్‌లో టోన్లను మన గుణింతంలాగే వరసగా వల్లె వేయిస్తారు: కున్, కున్, కున్, కుత్, కున్, కున్, కున్, కుత్. నాలుగో చోట, ఎనిమిదో చోట న్ పోయి త్ వస్తుంది. ఎందుకు త్‌యే రావాలి అంటే, రెండూ నాలుక ఒకేచోట ఆనితే పుట్టేవి. మన త వర్గం చివర న ఉన్నట్టే, ప వర్గం చివర మ, క వర్గం చివర ఙ. ఆ లెక్కనే అమ్ తెగితే అప్, అన్ తెగితే అత్, అఙ్ తెగితే అక్. మన వర్ణమాల తెలిసినవాళ్లకు దీన్ని విడిగా బట్టీ పట్టే పనే లేదు.

ఒక జాగ్రత్త. హెచ్ మాట మొదట్లో, పి, టి, కె, టి-ఎస్‌ల పక్కన వస్తే అది వత్తు మాత్రమే. ఇనుము అనే మాట చూడండి: టి-హెచ్-ఐ-హెచ్. మొదటి హెచ్ త ను థ చేస్తుంది. చివరి హెచ్ గొంతు మూయమంటుంది. ఒకే అక్షరం రెండు ఉద్యోగాలు చేస్తోంది. కొట్టడం (పి-హెచ్-ఎ-హెచ్), వెడల్పు (కె-హెచ్-యు-ఎ-హెచ్) కూడా ఇలాంటివే. పిన్‌యిన్ (మాండరిన్‌కు వాడే రోమన్ రాత) నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇంకో మాట: అక్కడ పి అంటే వత్తు ఫ, బి అంటే ప. ఇక్కడ పి అంటే ప, పి-హెచ్ అంటే ఒత్తి పలికే ఫ, బి అంటే నిజమైన బ. తెలుగువాళ్లకు ఇదే సహజం. టి ని చూసి మాత్రం ట అనకండి, త కే దగ్గర.

మూత పెట్టడం

ఉకారం లేకుండా ఆపడం మనకు కష్టమన్నాను గాని, ఆ మూత మన నోట్లో లేనిదేం కాదు. ‘అప్పు’ అనండి, మెల్లగా. రెండు ప లకు మధ్య పెదాలు ఒక క్షణం మూసుకుని ఉంటాయి. అక్కడే ఆగిపోండి, తెరవకండి. అది పి. ‘అత్త’ అంటూ నాలుక పళ్ల వెనక ఆనినచోట ఆగండి. అది టి. ‘అక్క’ సగంలో ఆపితే కె. ద్విత్వాక్షరంలో మొదటి సగం మన దగ్గర ఉండనే ఉంది, రెండో సగం మానేయడమే పని. అరచేతిని నోటి ముందు పెట్టుకుని చూడండి. మాట అయ్యాక గాలి తగిలితే మళ్లీ వదిలేశారన్నమాట.

అచ్చు కూడా పొట్టిదే. ఉత్తరం అనే మాట పక్4 (పి-ఎ-కె). దాన్ని ‘పాక్’ అని సాగదీస్తే మూత ఎంత బాగా పెట్టినా లాభం లేదు.

హెచ్ సంగతి వేరు. తెలుగువాళ్లు దాన్ని చూడగానే విసర్గ అనుకుంటారు, ‘దుఃఖం’లో లాగా ఊదుతారు. ఇది దానికి సరిగ్గా తలకిందులు. విసర్గలో గాలి వెళ్తుంది, ఇక్కడ గాలి ఆగుతుంది. చిన్నపిల్లాడు చేయకూడని పని చేయబోతుంటే నోరు తెరవకుండా ‘ఉఁ-ఉఁ’ అని వారిస్తాం చూడండి, ఆ రెండు ఉఁ ల మధ్య గొంతు టక్కున మూసుకుంటుంది. ఆ మూతే హెచ్. నాలుకకు, పెదాలకు దీనిలో పని లేదు. నేను పెహ్, థిహ్ అని రాస్తున్నది వేరే దారి లేక. వాటిలోని హ్‌ను హకారంగా పలకొద్దు.

ఎత్తు

మూత కుదిరాక ఎత్తు. 4 కింది నుంచే మొదలై ఇంకొంచెం దిగి తెగుతుంది. 8 పైన మొదలై దిగకుండానే తెగుతుంది. జంటలుగా పెట్టుకుని పలకండి:

కుత్4 ఎముక, కుత్8 జారుడు.
పక్4 ఉత్తరం, పక్8 కట్టేయడం.
తిక్4 వెదురు, తిక్8 శత్రువు.
పెహ్4 పెదనాన్న, పెహ్8 తెలుపు.

చివరి జంట నాకు రోజూ పనికొచ్చేది. తైవాన్‌లో తండ్రి వయసు దాటిన మగవాళ్లను ‘అ-పెహ్’ అని పిలుస్తారు, మా కాపలా పెద్దాయనను నేనూ అలాగే పిలుస్తాను. అది 4, గీత ఉండదు. పెహ్-వే-జీ అన్న పేరులో మొదటి మాటకు గీత ఉంటుంది, అది 8.

ఒంట్లు చెప్పడంలోనే ఈ పాఠం మొత్తం ఉంది. ఒకటి నుంచి పది దాకా ఉన్న మాటల్లో సరిగ్గా సగం తెగేవే, నాలుగు మూతలూ వాటిలో వచ్చేస్తాయి. ఒకటి చిత్8. ఆరు లక్8. ఏడు ఛిత్4. ఎనిమిది పెహ్4, కొన్నిచోట్ల పువెహ్4. పది ౘప్8. పదిలో ఉన్నది ‘చలి’లోని దంత్య ౘ, ఒకటిలో ఉన్నది ‘చిలక’లోని తాలవ్య చ. రోమన్ రాతలో రెండూ టి-ఎస్‌లే. ఇకారం ముందు చ, అకారం ముందు ౘ అని మన నోరు చెప్పకుండానే మార్చుకుంటుంది, తైవానీ నోరూ అంతే. ఎకారం ముందు మాత్రం మన అలవాటు పనికిరాదు. పుస్తకం అనే మాట టి-ఎస్-హెచ్-ఇ-హెచ్. అక్కడ దంత్యమే ఒత్తి పలకాలి.

రాసింది ఒకటి, పలికేది ఒకటి

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. తైవానీలో మాటలు కలిసి నడిచేటప్పుడు గుంపులో చివరిది తప్ప ముందున్నవన్నీ టోన్ మార్చుకుంటాయి. రాతలో మాత్రం ఎప్పుడూ అసలు టోనే వేస్తారు. హైఫన్ కనబడితే దాని ఎడమ పక్కది మారుతుందని తెలుసుకోవాలి.

పి, టి, కె లతో ముగిసేవాటికి సూత్రం సులువు: 4 పైకి పోతుంది, 8 కిందికి వస్తుంది. ఒకదాని చోట ఇంకోటి.

దీనికి మా దారిలో వచ్చే రైలు స్టేషన్లకు మించిన పాఠం లేదు. షిన్‌చూను తైవానీలో సిన్-తిక్ అంటారు. తిక్ అంటే వెదురు, 4. చివర ఉంది కాబట్టి కిందే ఉంటుంది. జూబెయ్ తిక్-పక్. అదే వెదురు, రాతలో అదే టి-ఐ-కె, గీత లేదు. కాని ఇక్కడ ముందుంది కాబట్టి పైకెక్కి పలుకుతుంది. పక్ చివరిది, కింద ఉంటుంది. తాయ్-పక్, అదే తైపేయ్, దానిలోనూ పక్ కిందే. ప్రజా రవాణాలో మాండరిన్‌తో పాటు తైవానీ, హక్కా భాషల్లోనూ ప్రకటనలు ఉండాలని 2000లో చట్టం వచ్చింది. కాబట్టి ఇదంతా ఊరికే వినిపిస్తుంది. టికెట్టు కొన్నవాళ్లంతా విద్యార్థులే. చెవులు రిక్కించి, సిన్-తిక్‌లో వెదురు, తిక్-పక్‌లో వెదురు ఒక ఎత్తులో లేవని మీ అంతట మీరే పట్టుకోండి.

మరి కొంచెం దక్షిణానికి పోతే ఇంకా మంచి జంట ఉంది. లూకాంగ్ తైవానీలో లోక్-కాంగ్, లోక్ మీద గీత ఉంది, 8. బెయ్‌కాంగ్ తైవానీలో పక్-కాంగ్, పక్ మీద గీత లేదు, 4. పలికేటప్పుడు గీత ఉన్న లోక్ కిందికి దిగుతుంది, గీత లేని పక్ పైకి లేస్తుంది. రాత చూసి చదివేవాళ్లకు ఇది మోసంలా అనిపిస్తుంది. గీత అంటే ‘ఇక్కడ పైకి పలుకు’ అని కాదు, ‘ఈ మాట ఇంటిపేరు 8’ అని. ఈ రెండు ఊళ్ల పేర్లలో తెలుగువాళ్లకు ఒక లాభం కూడా ఉంది. క్ తర్వాత కా వస్తుంది కాబట్టి ‘పక్కా’ అన్నట్టు మూత దానంతటదే సరిగ్గా పడుతుంది.

అంకెలతో సాధన చేయాలంటే 67, 76 తీసుకోండి. 67 లక్-ౘప్-ఛిత్. రాతలో మొదటి రెండింటికీ గీత, చివరిదానికి లేదు. నోట్లో మూడూ కిందే: 8లు రెండూ దిగాయి, చివరి 4 కదల్లేదు. 76 ఛిత్-ౘప్-లక్. పైన, కింద, పైన. ఈ రెండూ తడుముకోకుండా అనగలిగితే పి, టి, కె ల పని అయినట్టే. మిగతాది మాటలు పోగేసుకోవడం.

హెచ్‌తో ముగిసేవి వేరే దారి పడతాయి. గుంపులో ముందుంటే మూతనే వదిలేస్తాయి. 4 అయితే 2వ టోన్ అవుతుంది, అంటే పైనుంచి కిందికి జారుతుంది. 8 అయితే 3వ టోన్ అవుతుంది, అంటే కిందే ఉండిపోతుంది. సైకిల్‌ను ‘ఇనుప గుర్రం’ అంటారు, రాతలో థిహ్-బే. వినిపించేది థీ-బే, థీ పైనుంచి జారుతూ. తెలుపు రంగు రాతలో పెహ్-సిక్, వినిపించేది పే-సిక్, పే కింద.

అ-పెహ్ నన్ను చూడగానే అడిగేది, తైవాన్‌లో ఎవరైనా అడిగేది, తిన్నావా అని. తినడం అనే మాట టి-ఎస్-ఐ-ఎ-హెచ్, గీతతో, 8. కాని ‘చ్యా-పా-బ్వే’ అని వినిపించిన పలకరింపులో చ్యా తర్వాత గొంతు మూసుకున్న జాడే ఉండదు. వినిపించని హెచ్ రాయడం ఎందుకని చాలామంది విసుక్కుంటారు. అదే మాట చివరికి వస్తే మూత తిరిగొస్తుంది, అందుకు. బజారులో వంద డాలర్లు ‘చిత్-పా-ఖో’ అని వినిపిస్తుంది. రాతలో మధ్యమాట పి-ఎ-హెచ్. ఖో చివరిది, అది మారదు.

విన్నది రాయడం

చదవడం కన్నా ఇది కష్టం, ఎందుకంటే వెనక్కి నడవాలి. పి, టి, కె అయితే ఫరవాలేదు: గుంపు మధ్యలో పైన తెగినట్టు వినబడితే గీత లేకుండా రాయండి, కింద తెగినట్టు వినబడితే గీత పెట్టండి. గుంపు చివర అయితే విన్నది విన్నట్టు.

హెచ్ దగ్గర చెవి ఒక్కటే చాలదు. గుంపు మధ్యలో పైనుంచి జారే టోన్ వినబడితే అది అసలు 3 అయినా కావచ్చు, హెచ్ పోగొట్టుకున్న 4 అయినా కావచ్చు. కింద వినబడితే 7 కావచ్చు, హెచ్ పోయిన 8 కావచ్చు, ఉత్తర తైవాన్ యాసలో 5 కూడా కావచ్చు. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా మాట ఉన్నచోటే తేలదు. దాన్ని చివరికి తోయాలి. పే-సిక్‌లోని పే ఏమిటో తెలియాలంటే ‘చాలా తెల్లగా ఉంది’ అనిపించండి: చిన్ పెహ్. ఇప్పుడు అది చివరిది, గొంతు మూసుకుంటుంది, ఎత్తుగా ఉంటుంది, 8 అని తేలిపోతుంది. మాటను ఒక్కదాన్నే విడిగా పలకమన్నా చాలు. ముసలమ్మల్ని అడగడం నయం. కుర్రవాళ్ల నోట్లో చివర కూడా ఆ హెచ్ మూత సడలిపోవడం, 4కూ 8కీ ఎత్తు తేడా చెదిరిపోవడం నాకు తరచు వినబడుతుంది. అడగడానికి ఎవరూ లేకపోతే విద్యాశాఖ ఆన్‌లైన్ తైవానీ నిఘంటువులో మాట వెతికి ఆడియో వినండి.

రెండు హైఫన్లు వరసగా కనబడితే సూత్రం తిరగబడుతుంది. వాటి ముందున్న మాట అసలు టోన్ నిలుపుకుంటుంది, తర్వాతది తేలిపోతుంది. చ్యా-పా-బ్వే అన్నదానిలో నిజానికి బ్వే ముందు రెండు హైఫన్లున్నాయి, అందుకే పా మారదు. ‘తిన్నాను’ అనే జవాబులో తినడం అనే మాట వెంటనే రెండు హైఫన్లు వస్తాయి. అక్కడ 8, గొంతు మూతతో సహా, పూర్తిగా వినిపిస్తుంది.

గీత పెట్టడం

కాగితం మీద గీత చిన్నదిగా, నిటారుగా, అచ్చుకు సరిగ్గా పైన పెట్టండి. ఏటవాలుగా పెడితే 2 అవుతుంది, లేదా 3. అచ్చులు రెండుంటే ఏది పెద్దదో దాని మీద: ఎ ఉంటే ఎ మీదే. టి-ఎస్-ఐ-ఎ-హెచ్‌లో గీత పడేది ఎ నెత్తిన.

కంప్యూటర్‌లో ఈ గీతకు యూనికోడ్ సంఖ్య 030డి. గీతతో కలిపి పోతపోసిన అక్షరం ఏదీ లేదు, కాబట్టి ముందు అచ్చు, ఆ వెంటనే గీత టైపు చేయాలి. తిరగేస్తే గీత ముందున్న హల్లు మీద కూర్చుంటుంది. తైవానీ టైపింగ్ సాధనాలుంటే మాట చివర 8 కొడితే గీత దానంతటదే వస్తుంది. అవేమీ లేనప్పుడు అంకెతోనే రాసేయండి, కె-యు-టి-8 అని. అందరికీ అర్థమవుతుంది, తాయ్-లోలో అది చెల్లుతుంది కూడా.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఐ అక్షరం. దానికి ముందే నెత్తిన చుక్క ఉంది. మంచి ఫాంట్‌లో చుక్క పోయి దాని చోట గీత వస్తుంది. చిన్న సైజులో ఆ గీతకూ చుక్కకూ తేడా కనిపించదు, ఒకటి (చిత్8) రాసింది 4లా కనబడుతుంది. నాసిరకం ఫాంట్‌లో అయితే గీత పక్కకు జారి తర్వాతి అక్షరం మీద పడుతుంది. ఫోన్‌లో చదివేటప్పుడు అనుమానం వస్తే అక్షరాలు పెద్దవి చేసి చూడండి. వెతికేటప్పుడు గీతతో ఒకసారి, గీత లేకుండా ఒకసారి వెతకండి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు ఆ రెండింటినీ వేర్వేరు మాటలుగా లెక్కేస్తాయి. మీరే మాటల పట్టిక తయారు చేసుకుంటుంటే గీత రాతకు పక్కన అంకె రాతకూ ఒక గడి పెట్టుకోండి. ఫాంట్ మారినా, ఫోన్ మారినా ఆ గడి చెడదు.